డ్రాఫ్ట్ ముచ్చట్లు: 12 దగ్గర ఎవరు, 20 దగ్గర ఎవరు?

ఈ నెల, అంటే 2026 ఏప్రిల్ 23న, పిట్స్‌బర్గ్‌లో ఎన్.ఎఫ్.ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ మొదలవుతోంది, మూడు రోజుల పండగ. పోయిన నెల ఇదే పేజీలో "డాలస్ కౌబాయ్స్ గురించి ఏదైనా అడగండి" అని రాస్తే బోలెడు ప్రశ్నలు వచ్చాయి, చాలా సంతోషం. సగానికి పైగా ఒకటే అడిగారు, ఈసారి మనకి ఫస్ట్ రౌండ్‌లో 12, 20 అని రెండు పిక్స్ (ఆటగాణ్ణి ఎంచుకునే వంతులు) ఉన్నాయి కదా, ఎవర్ని తీసుకోవాలి అని. నేను స్కౌట్‌ని (టీమ్ కోసం కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేసేవాణ్ణి) కాదు, మామూలు అభిమానిని, కాకపోతే జనవరి నుంచీ ఈ కుర్రాళ్ళ ఆటలు హైలైట్స్ కాకుండా మొత్తం మ్యాచులు కూర్చుని చూశా, అందుకే ధైర్యంగా రాస్తున్నా.

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు): మా ఆయన రెండు నెలలుగా ఒక నోట్‌బుక్ పట్టుకుని ఎవరెవరో కాలేజీ పిల్లల పేర్లు రాసుకుంటున్నారండీ. అసలు సీజన్ అయిపోయింది కదా, ఈ డ్రాఫ్ట్ అంటే ఏంటి, దీనికి ఇంత హడావిడి ఎందుకు?

జవాబు: ఆయన్ని ఏమీ అనకండమ్మా, ఓడిపోయిన టీమ్ అభిమానికి ఏడాది మొత్తంలో ఆశగా ఉండేది ఈ మూడు రోజులే. డ్రాఫ్ట్ అంటే, కాలేజీలో ఆడిన కుర్రాళ్ళని 32 టీములూ వంతులవారీగా ఎంచుకోవడం. పోయిన సీజన్‌లో బాగా ఓడినవాళ్ళకి ముందు వంతు, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచినవాళ్ళకి చివరి వంతు, ఇలా ఏడు రౌండ్లు. మన ఐపీఎల్ వేలం లాగా డబ్బులు పెట్టి పాడుకోవడం ఉండదు, వంతు వచ్చినప్పుడు పేరు చెప్పాలి, అంతే. గురువారం రాత్రి మన టెక్సస్ టైమ్‌లో 7 గంటలకి ఫస్ట్ రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, శనివారం మిగతావి.

ఇది 1936లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. అప్పటి ఈగల్స్ ఓనర్ బర్ట్ బెల్ టీమ్ ఎప్పుడూ ఓడిపోయేది, మంచి కుర్రాళ్ళందరూ గెలిచే టీములకే వెళ్ళిపోతుంటే ఇలా అయితే లీగే నిలబడదని ఆయన ఈ పద్ధతి తెచ్చాడు. మొట్టమొదటి పిక్ జే బర్వాంగర్ అనే కుర్రాడు, ఆయన అసలు ప్రొఫెషనల్ ఆట ఒక్కటి కూడా ఆడలేదు, వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

హడావిడి ఎందుకంటే డబ్బు లెక్క అండి. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్‌ని 2016లో నాలుగో రౌండ్‌లో 135వ పిక్‌గా తీసుకున్నాం, మొదటి నాలుగేళ్ళకీ కలిపి ఆయన కాంట్రాక్ట్ 27 లక్షల డాలర్లు. అదే డాక్‌కి 2024లో ఇచ్చిన కొత్త కాంట్రాక్ట్ ఏడాదికి 6 కోట్ల డాలర్లు. ప్రతి టీముకీ జీతాలకి ఒక పరిమితి ఉంటుంది కాబట్టి, స్టార్‌కి అంత ఇచ్చాక మిగతా జట్టంతా డ్రాఫ్ట్‌లో తక్కువ జీతానికి దొరికిన కుర్రాళ్ళతోనే నింపాలి. ఆ కుర్రాళ్ళు మంచోళ్ళు దొరికితే జనవరిలో నాకౌట్ మ్యాచులు కూడా ఆడతాం, దొరక్కపోతే మళ్ళీ ఏప్రిల్ కోసం చూస్తూ కూర్చుంటాం. 1995 సీజన్ తర్వాత మనవాళ్ళు కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్) మొహం కూడా చూడలేదు, ఆయన నోట్‌బుక్‌లో ఉన్నది ఆ బాధే అనుకోండి.

ప్రశ్న (ప్లానో నుంచి ఒక పాఠకుడు): 12, 20 రెండు పిక్స్ ఉన్నాయి. డిఫెన్స్ చూస్తే ఎక్కడ చూసినా చిల్లులే. మీరైతే ఏం చేస్తారు సార్?

జవాబు: ముందు ఈ రెండోది ఎలా వచ్చిందో చెప్పాలి ఎందుకంటే అది ఊరికే రాలేదు. పోయిన ఆగస్టు చివర్లో మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే టీముకి ఇచ్చేసి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్స్, దాంతోపాటు డిఫెన్స్ లైన్‌లో ఆడే కెన్నీ క్లార్క్‌ని తీసుకున్నాం. ఆ 20 మైకాది. సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబర్ 28న మైకా గ్రీన్ బే పచ్చ జెర్సీ వేసుకుని ఆర్లింగ్టన్‌లోని మన స్టేడియంకి వచ్చాడు, ఆ మ్యాచ్ 40-40 టై అయింది, అది చూసినవాళ్ళకి ఈ పిక్ విలువ ఏంటో నేను చెప్పక్కర్లేదు. తర్వాత నవంబర్‌లో డిఫెన్స్ లైన్ ఆటగాడు క్విన్నెన్ విలియమ్స్ కోసం జెట్స్‌కి మన ఈ ఏడాది సెకండ్ రౌండ్ పిక్, 2027 ఫస్ట్ రౌండ్‌లో ఒకటి, మాజీ (ఇది అతని పేరే) స్మిత్‌ని కూడా ఇచ్చేశాం. సీజన్ 7-9-1, అంటే ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు, ఒక టై. అఫెన్స్ బ్రహ్మాండంగా ఆడింది, డిఫెన్స్ మాత్రం లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సమర్పించుకుంది.

కాబట్టి అందరూ ఒకటే లిస్టు రాస్తున్నారు, ఎడ్జ్ రషర్ (లైన్ చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకేవాడు) కావాలి, లైన్‌బ్యాకర్ (ఆ లైన్ వెనక నిలబడేవాడు) కావాలి, కార్నర్ (బంతి అందుకునే రిసీవర్‌ని కాపలా కాసేవాడు) కావాలి, సేఫ్టీ (అందరి వెనకా ఉండేవాడు) కావాలి. ఎడ్జ్ దగ్గర ఒక మాట. అక్కడ ఆడే మార్షాన్ నీలాండ్ పోయిన నవంబర్‌లో మనల్ని వదిలి వెళ్ళిపోయాడు, 24 ఏళ్ళు, చనిపోవడానికి మూడు రోజుల ముందే బ్లాక్ అయిన పంట్ (కాలితో తన్నిన బంతి) మీద పడి టచ్‌డౌన్ చేశాడు. ఆ చోటుని లిస్టులో "ఖాళీ" అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు నా మాట. లిస్టులో ఏ చోటు ఖాళీగా ఉందో చూసి ఆ చోటుకి ఎవరో ఒకర్ని తెచ్చి కూర్చోబెట్టినప్పుడల్లా మనం దెబ్బ తిన్నాం, ఆ టైమ్‌కి బోర్డు మీద ఉన్నవాళ్ళలో అందరికంటే మంచి ఆటగాడు ఎవరో అతన్ని తీసుకున్నప్పుడల్లా బాగుపడ్డాం. ఊరికే అనడం లేదు, మన టీమ్ చరిత్రే చూడండి. 2017లో క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకేవాడు కావాలి, మన స్కీమ్‌కి సరిపోవాలి అని 28వ పిక్‌లో టాకో చార్ల్‌టన్‌ని తీసుకున్నాం. రెండు పిక్స్ తర్వాత 30వ పిక్‌లో పిట్స్‌బర్గ్ వాళ్ళు టి.జె. వాట్‌ని తీసుకున్నారు. వాట్ 2021లో ఒకే సీజన్‌లో 22.5 సాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) చేసి అప్పటి రికార్డు సమం చేశాడు, చార్ల్‌టన్ మన దగ్గర రెండు సీజన్లలో చేసినవి నాలుగు, 2019 సెప్టెంబర్‌లో వదిలేశాం. 2023లో రన్ (బంతి పట్టుకుని చేసే పరుగు) ఆపేవాడు లేడు కాబట్టి 26వ పిక్‌లో మాజీ స్మిత్, అతన్నే పోయిన నవంబర్‌లో జెట్స్‌కి ఇచ్చేశాం.

ఇక రెండో వైపు చూడండి. 2020లో మన అవసరం డిఫెన్స్, రిసీవర్లు ఆల్రెడీ అమారీ కూపర్, మైకేల్ గాలప్ ఉన్నారు, ఐనా 17 దగ్గరికి సీడీ లామ్ జారిపోయి వచ్చేసరికి కళ్ళు మూసుకుని తీసుకున్నారు. 2021లో కార్నర్ కావాలి, జేసీ హార్న్ 8కి, పాట్రిక్ సుర్టన్ 9కి వెళ్ళిపోయారు, 10 దగ్గర మనవాళ్ళు ఈగల్స్‌తో ట్రేడ్ చేసి 12కి దిగి పార్సన్స్‌ని తీసుకున్నారు, ఆ ఏడాదే డిఫెన్స్‌లో బెస్ట్ రూకీ (కొత్త ఆటగాడు). అనుకున్న కార్నర్లు ఇద్దరూ దొరక్కపోవడమే మన అదృష్టం అయింది. 12 అనే నంబర్ మనకి కొత్త కాదు.

అందుకని ఈసారి 12 దగ్గర ఒహాయో స్టేట్ సేఫ్టీ కేలెబ్ డౌన్స్ ఉంటే వేరే ఆలోచన లేకుండా అతన్నే తీసుకోవాలి. ఎడ్జ్ రషర్లలో టెక్సస్ టెక్ డేవిడ్ బెయిలీ, అటూ ఇటూ ఆడగలిగే ఒహాయో స్టేట్ ఆర్వెల్ రీస్, వీళ్ళిద్దరూ 12 దాకా ఆగుతారని నేను అనుకోవడం లేదు. మయామీ రూబెన్ బెయిన్ ఆగొచ్చు, చేతులు పొట్టి అని చాలామంది పక్కన పెడుతున్నారు, నాకైతే అతని మొదటి దెబ్బ చాలా ఇష్టం, ఎదురుగా అడ్డం నిలబడ్డ లైన్‌మన్ గుండెల మీద చెయ్యి ఆనించి వెనక్కి తోసుకుంటూ వెళ్తాడు, డౌన్స్ లేకపోతే అతను. 20 దగ్గర ఎడ్జ్ రషరో కార్నరో, ఎవరు మిగిలితే వాళ్ళలో మంచోడు. టెక్సస్ ఎ అండ్ ఎం కేషియస్ హోవెల్ నాకు నచ్చాడు, పోయిన సెప్టెంబర్‌లో యూటా స్టేట్ మీద వరసగా మూడు ప్లేల్లో మూడు సాక్‌లు కొట్టాడు, ఆ వరస ఒక్కసారి చూడండి, వేగం కంటే మూల తిరిగేటప్పుడు ఒళ్ళు ఎంత కిందకి వంచుతాడో అది చూడండి. కార్నర్లలో క్లెమ్సన్ ఎవియన్ టెరెల్, అట్లాంటాలో ఆడే ఏ.జె. టెరెల్ తమ్ముడు.

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు): సేఫ్టీని 12 దగ్గర తీసుకోవడం వేస్ట్ కదండీ? సేఫ్టీలు రెండో రౌండ్‌లో కూడా దొరుకుతారు అంటారు అందరూ.

జవాబు: దొరుకుతారు, ఇలాంటివాడు దొరకడు. పైగా ఈసారి మన రెండో రౌండ్ పిక్ జెట్స్ దగ్గర ఉంది, అది కూడా గుర్తు పెట్టుకోవాలి.

2022లో కైల్ హామిల్టన్ విషయంలో అచ్చం ఇదే మాట అన్నారు. సేఫ్టీ కదా, పైగా 40 యార్డులు 4.59 సెకన్లలో పరిగెత్తాడు, స్లో అన్నారు, 14 దాకా జారాడు, బాల్టిమోర్ వాళ్ళు నోరు మూసుకుని తీసుకున్నారు. రెండో ఏడాదికే ఆల్ ప్రో ఫస్ట్ టీమ్ (ఆ ఏడాది లీగ్‌లో బెస్ట్ ఆటగాళ్ళ జాబితా), పోయిన ఆగస్టులో నాలుగేళ్ళకి 10 కోట్ల డాలర్ల పైన కాంట్రాక్ట్. ఇప్పుడు సేఫ్టీ అంటే వెనకాల నిలబడి కాపలా కాసేవాడు కాదండి, ఒక ప్లేలో వెనకాల ఉంటాడు, ఇంకో ప్లేలో లోపలి వైపు నిలబడే స్లాట్ రిసీవర్‌ని పట్టుకుంటాడు, ఇంకో దాంట్లో లైన్ దగ్గరికి వచ్చి రన్ ఆపుతాడు, ఒక్క మనిషితో మూడు చిల్లులు పూడతాయి.

డౌన్స్ ఫ్రెష్‌మన్‌గా 2023లో అలబామాలో ఆడినప్పుడు 107 టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) చేశాడు, ఆ టీమ్‌లో అందరికంటే ఎక్కువ, అప్పుడు అతనికి కాలేజీలో మొదటి ఏడాది. కోచ్ నిక్ సేబన్ రిటైర్ అయ్యాక ఒహాయో స్టేట్‌కి మారాడు, మొదటి సీజన్‌లోనే నేషనల్ టైటిల్. ఆ ఏడాది ఇండియానా మీద ఒక పంట్ పట్టుకుని 79 యార్డులు తీసుకెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. పోయిన సీజన్‌కి థోర్ప్ అవార్డు, అంటే కాలేజీ డిఫెన్సివ్ బ్యాక్స్ అందరిలో బెస్ట్. వాళ్ళ నాన్న ఎన్.ఎఫ్.ఎల్‌లో ఆడాడు, అన్న జాష్ ఇప్పుడు ఇండియానాపోలిస్‌లో రిసీవర్, ఇంట్లోనే ఈ ఆట నేర్చుకున్నాడు అనిపిస్తుంది చూస్తుంటే.

అవార్డులు పక్కన పెట్టండి, నేను ఎందుకు పడిపోయానో చెప్తా. కోచ్‌లు చూసే వీడియో ఉంటుంది, మైదానం మొత్తం, 22 మందీ కనిపిస్తారు. అందులో స్నాప్ పడిన (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టే) క్షణం దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరుపుతూ డౌన్స్ కాళ్ళు మాత్రమే చూశా. మామూలు సేఫ్టీ ముందు ఒక అడుగు తప్పు వైపు వేస్తాడు, తర్వాత సర్దుకుంటాడు, అది సహజం, అందరూ చేస్తారు. ఇతను ఆ మొదటి తప్పు అడుగు చాలా తక్కువ వేస్తాడు. బంతి పట్టుకున్నవాడి దగ్గరికి వచ్చేటప్పుడు కూడా ఎగిరి దూకడు, చివరి రెండు అడుగులు చిన్నవి చేసుకుని, భుజం పెట్టి, నడుము పట్టుకుని కింద పడేస్తాడు, అంతే, కింద పడ్డాక డాన్సులు లేవు. పోయిన సీజన్ అంతా మనవాళ్ళు చేతులు చాచి జెర్సీ పట్టుకోబోయి జారవిడిచిన టాకిల్స్ చూసి చూసి నా కళ్ళు కాయలు కాచాయి, ఇతన్ని చూస్తుంటే దాహానికి మంచినీళ్ళు దొరికినట్టు ఉంది.

మనం సేఫ్టీని అంత పైన తీసుకోవడం కొత్తేం కాదు, 2002లో రాయ్ విలియమ్స్‌ని 8వ పిక్‌లో తీసుకున్నాం. వెనక నుంచి కాలర్ పట్టుకుని లాగి పడేసేవాడు, దానివల్ల దెబ్బలు తగులుతున్నాయని 2005లో లీగ్ రూలే మార్చింది.

ప్రశ్న (కారల్టన్ నుంచి ఒక పాఠకుడు): ఇండియానాపోలిస్‌లో కంబైన్ పెట్టి అన్నీ కొలుస్తారు కదా, పరుగు, ఎగరడం, బరువులు, చేతి పొడవు. ఎక్కువ మార్కులు వచ్చినవాడిని తీసుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదండి, సరిపోతే ఎమిట్ స్మిత్ మనకి దొరికేవాడే కాదు. 1990లో ఎమిట్ పొట్టివాడు, వేగం లేదు అన్నారు, 17 దాకా జారాడు, ఆ మనిషి 18,355 యార్డులు పరిగెత్తి ఇప్పటికీ రికార్డు తన దగ్గరే పెట్టుకున్నాడు. టామ్ బ్రేడీ 2000లో 199వ పిక్, 40 యార్డులు 5.28 సెకన్లు, ఏడు సూపర్ బౌల్స్. ఇంకో వైపు 2017లో జాన్ రాస్ 4.22లో పరిగెత్తి కంబైన్ రికార్డు కొట్టాడు, సిన్సినాటి వాళ్ళు 9వ పిక్‌లో తీసుకున్నారు, అక్కడ నిలబడలేకపోయాడు.

అలాగని కొలతలు పనికిరావు అని కాదు. కొలత మనం టేప్‌లో (మ్యాచ్ వీడియోలో) చూసినదానికి సాక్ష్యం లాంటిది, టేప్‌లో స్పీడ్ కనపడితే వాచ్ కూడా అదే చెప్పాలి, చెప్పకపోతే మళ్ళీ వెళ్ళి టేప్ చూడాలి, అంతవరకే. వాచ్ చూసి టేప్ మర్చిపోవడంతోనే అసలు గొడవ.

ప్రశ్న (ఫ్లవర్ మౌండ్ నుంచి ఒక పాఠకుడు): ఈ ఆటతో మన ఇండియా వాళ్ళకి ఏమైనా సంబంధం ఉందా? మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

జవాబు: ఈ ప్రశ్న చూసి నాకు చాలా ఆనందమేసింది. గట్టి సంబంధం ఉంది, అదీ మన కౌబాయ్స్‌తోనే, అదీ డ్రాఫ్ట్‌లోనే! 1960ల్లో కౌబాయ్స్ కొత్త టీమ్, జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్‌కి స్కౌట్ల మాటల్లో ఎవరిది నిజమో తెలిసేది కాదు, ఒకాయన "బాగా ఆడతాడు" అంటే ఇంకొకాయన దృష్టిలో అదే "మామూలు". దాన్ని కంప్యూటర్‌తో లెక్క కట్టొచ్చా అని వెతికితే దొరికిన మనిషి సలాం ఖురేషి, ఇండియాలో పుట్టి అలీగఢ్‌లో చదువుకున్న స్టాటిస్టిక్స్ మనిషి. క్రికెట్ తెలుసు, ఈ ఫుట్‌బాల్ అస్సలు తెలీదు. ఆయన కూర్చుని వందల గుణాలని వడపోసి చివరికి ఐదుకి తెచ్చాడు: వ్యక్తిత్వం, చురుకుదనంతో పాటు ఒంటి మీద పట్టు, పోటీతత్వం, బుర్ర చురుకు, బలంతో పాటు పేలుడు లాంటి ఊపు. వీటికి తోడు ఎత్తు, బరువు, వేగం. స్కౌట్లు వీటికి మార్కులు వేయాలి, మిషన్ వరస చెప్తుంది. గిల్ బ్రాండ్ట్ నడిపిన ఆ స్కౌటింగ్ విభాగం తర్వాత లీగ్ అంతటికీ పాఠం అయింది.

గమనించండి, ఆ ఐదింటిలో వాచ్‌తో కొలవగలిగేది దాదాపు ఏదీ లేదు. ఆట తెలియని మనిషి కాబట్టే ఆ సంగతి పట్టుకోగలిగాడేమో అనిపిస్తుంది నాకు. ఇంకా మన మూలాలున్నవాళ్ళలో బ్రాండన్ చిల్లర్ ఉన్నాడు, నాన్నగారిది ఇండియా, 2004లో నాలుగో రౌండ్‌లో రామ్స్ తీసుకున్నారు, లైన్‌బ్యాకర్. సంజయ్ లాల్ 2018, 2019లో మన కౌబాయ్స్ రిసీవర్లకే కోచ్. ఇవి చెప్పండి మీ అబ్బాయికి.

ప్రశ్న (అలెన్ నుంచి ఒక పాఠకురాలు, డాక్టర్): టెనెసీ కార్నర్ జెర్మాడ్ మెకాయ్ గురించి మీ అభిప్రాయం? మోకాలి లిగమెంట్ ఏసీఎల్ తెగి ఏడాది మొత్తం ఆడలేదు కదా.

జవాబు: డాక్టరమ్మా, ఈ ప్రశ్నకి నాకంటే మీరే బాగా జవాబు చెప్తారు, ఐనా అడిగారు కాబట్టి. 2025 జనవరిలో తెగింది, 2025 సీజన్ ఒక్క ఆట కూడా ఆడలేదు. 2024 టేప్ చూస్తే అతను ఈ డ్రాఫ్ట్‌లో మొదటి పదిలో ఉండాల్సినవాడు, రిసీవర్‌తో పాటు పరిగెత్తుతూ తల తిప్పి బంతి కోసం చూసే ఆ టైమింగ్ నేర్పితే వచ్చేది కాదు.

ఇక్కడ నా మనసు రెండు వైపులా లాగుతుంది, కారణం ఉంది. 2018లో డ్రాఫ్ట్ మన ఆర్లింగ్టన్ స్టేడియంలోనే జరిగింది, నేను వెళ్ళా. 19వ పిక్ లైటన్ వాండర్ ఎష్ అని పిలిచినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళందరూ లేచి అరిచారు, నా పక్కన ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "మంచి కుర్రాడు, మంచి కుర్రాడు" అంటూనే ఉన్నాడు. ఐడహోలో చిన్న ఊళ్ళో ఎనిమిది మంది ఆడే హైస్కూల్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాడు. మొదటి ఏడాదే ప్రో బౌల్ (స్టార్ ఆటగాళ్ళ మ్యాచ్). మెడ సమస్య ఉందని అప్పుడే అన్నారు, ఆ మెడే అతన్ని 2024లో రిటైర్ చేయించింది. అంతకుముందు జేలన్ స్మిత్, 2016 జనవరి ఫస్ట్‌న ఫియెస్టా బౌల్ అనే కాలేజీ మ్యాచ్‌లో మోకాలు పోయింది, నరం కూడా దెబ్బతింది, ఐనా మనవాళ్ళు 34వ పిక్‌లో తీసుకున్నారు, ఆపరేషన్ చేసింది మన టీమ్ డాక్టరే కాబట్టి లోపల ఏముందో ఆయనకి తెలుసు. 2019లో ప్రో బౌల్ దాకా వచ్చాడు, కానీ కాలేజీలో చూసిన ఆ మనిషి మళ్ళీ కనపడలేదు.

మెకాయ్‌ది నరం గొడవ కాదు, కుర్రాడు, తిరిగి లేచేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన డాక్టర్లు చేత్తో పట్టుకుని చూసి సరే అంటే 20 దగ్గర తీసుకోవచ్చు. 12 దగ్గర వద్దు.

ప్రశ్న (లూయిస్‌విల్ నుంచి ఒక పాఠకుడు): రెండు పిక్స్ కలిపి ఇచ్చేసి పైకి వెళ్ళొచ్చు కదా?

జవాబు: లెక్క అయితే కుదురుతుంది. 90ల మొదట్లో జిమ్మీ జాన్సన్ మన కోచ్‌గా ఉన్నప్పుడు ప్రతి పిక్‌కీ ఒక విలువ కట్టి పట్టిక తయారు చేయించాడు, ఒకటో పిక్ 3000, అక్కణ్ణుంచి దిగుతూ వస్తుంది. అందులో 12కి 1200, 20కి 850, కలిపితే 2050. నాలుగో పిక్ 1800 కాబట్టి అక్కడికి వెళ్ళి పైన 250 చేతిలో మిగులుతుంది, మూడోది 2200, దానికి 150 తక్కువ. ఇప్పుడు టీములు వేరే లెక్కలు కూడా వాడుతున్నాయి కానీ మాట్లాడుకోవడానికి ఇదే సులువు.

నేనైతే చెయ్యను. రెండో రౌండ్ పిక్ లేనప్పుడు రెండిటినీ కలిపి ఒక్కడి కోసం ఇచ్చేస్తే, ఆ ఒక్కడికి కాలు మడత పడితే ఈ డ్రాఫ్టే లేనట్టు. 1989లో మన స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చి మనం పిక్స్ కుప్పలుగా తెచ్చుకున్నాం, ఆ పిక్స్‌ని అటూ ఇటూ తిప్పే ఎమిట్ స్మిత్, డారెన్ వుడ్‌సన్ వచ్చారు, 92, 93, 95 సీజన్లలో మూడు టైటిళ్ళు. ఆరోజు ఒక్కడి కోసం అన్నీ ఇచ్చింది మిన్నెసోటా. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, డౌన్స్ 10కో 11కో ఉండి వెనకున్న ఎవరో ఎగరేసుకుపోతారు అనిపిస్తే, కింది రౌండ్ పిక్ ఏదైనా ఇచ్చి ఒకటి రెండు మెట్లు ఎక్కడం తప్పు కాదు.

ప్రశ్న (డెంటన్ నుంచి ఒక పాఠకుడు): మీకు బాగా బాధ కలిగించిన పిక్ ఏది? సంతోషం కలిగించింది?

జవాబు: బాధ 1998. రిసీవర్ రాండీ మాస్ మన 8వ పిక్ దగ్గర ఉన్నాడు, వదిలేశాం, 21 దాకా వెళ్ళి మిన్నెసోటాలో పడ్డాడు. ఆ ఏడాది థ్యాంక్స్‌గివింగ్ రోజున మన ఇంటికే వచ్చి మూడు క్యాచ్‌లు పట్టాడు, మూడూ టచ్‌డౌన్లే, 163 యార్డులు. మనం తీసుకున్న గ్రెగ్ ఎల్లిస్ కూడా మంచి ఆటగాడే, మన దగ్గర పదకొండు సీజన్లు నిలబడి ఆడాడు, అతన్ని తక్కువ చేయను, కానీ ఆ గురువారం మర్చిపోలేను.

సంతోషం 2014. అందరూ, ఓనర్ జెర్రీ జోన్స్‌తో సహా, టెక్సస్ ఎ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జెల్ మీద మనసు పడ్డారు. కొడుకు స్టీఫెన్, స్కౌటింగ్ వాళ్ళు పట్టుబట్టి 16వ పిక్‌లో జాక్ మార్టిన్ అనే లైన్‌మన్‌ని తీసుకున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న స్నేహితులందరూ గట్టిగా నిట్టూర్చారు, ఒకడు లేచి వెళ్ళిపోయాడు కూడా. మాన్‌జెల్ 22వ పిక్‌లో క్లీవ్‌లాండ్ వెళ్ళి రెండు సీజన్లకే అయిపోయాడు. మార్టిన్ 11 సీజన్లు ఆడి తొమ్మిది ప్రో బౌల్స్, ఏడుసార్లు ఆల్ ప్రో ఫస్ట్ టీమ్, పోయిన ఏడాదే రిటైర్ అయ్యాడు. 23న రాత్రి మనవాళ్ళు ఏదైనా ఇంట్రెస్ట్ లేని పేరు చెప్తే, టీవీ కట్టేసే ముందు మార్టిన్‌ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ప్రశ్న (కాపెల్ నుంచి, 13 ఏళ్ళ అబ్బాయి): అంకుల్, నేను మిడిల్ స్కూల్ టీమ్‌లో సేఫ్టీ ఆడతాను. మా నాన్న హైలైట్స్ చూస్తే చాలు అంటారు. నేను ఎలా చూస్తే నేర్చుకుంటాను?

జవాబు: బాబూ, నీ ప్రశ్న అన్నిటికంటే నచ్చింది నాకు. నాన్నగారు హైలైట్స్ చూడమన్నది తప్పు కాదు, అవి ఆట మీద ఇష్టం పెంచుతాయి. నేర్చుకోవాలంటే మాత్రం ఒక పని చెయ్యి. ఒహాయో స్టేట్ పాత మ్యాచ్ ఏదైనా ఒకటి మొత్తం పెట్టుకో, ఒక క్వార్టర్ చాలు. బంతి చూడకు. కష్టంగా ఉంటుంది, కళ్ళు వాటంతట అవే బంతి వైపు వెళ్ళిపోతాయి, ఐనా వెనక్కి లాక్కో. 2 నంబర్ జెర్సీ వేసుకున్న సేఫ్టీ ఉంటాడు, అతనే డౌన్స్, అతన్ని మాత్రమే చూడు. స్నాప్‌కి ముందు ఎక్కడ నిలబడ్డాడు, పక్కవాళ్ళకి చేత్తో ఏం చూపించాడు, స్నాప్ అయ్యాక మొదటి అడుగు ఎటు వేశాడు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకో, తర్వాత ప్లే వెనక్కి తిప్పి బంతి ఎటు వెళ్ళిందో చూసి రెండూ పోల్చుకో. టీవీలో వెనకాల ఉన్న సేఫ్టీ చాలాసార్లు కనపడడు, కనపడని ప్లేలు వదిలెయ్. ఒక పది ప్లేలు రాశాక నాకు పంపు నాన్నా, వచ్చే నెల ఈ పేజీలో నువ్వు రాసినదాని మీదే మాట్లాడుకుందాం.